ఉప్పునీళ్ల గుంటలో చేతులు

కనగం చేతులు ఇంకా ఉప్పునీళ్ల గుంటలో ఉండగానే కరెంటు వదిలారు.

అలివేలు పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఇనుప మేకు పక్కన కనగం బోర్లా పడి ఉంది. బిందె దొర్లిపోయింది. అందులో మిగిలిన నీళ్లు ఇసుకలోకి ఇంకిపోతున్నాయి. కనగాన్ని పట్టుకోబోయిన అలివేలును వెనక నుంచి ఎవరో జబ్బ పట్టి లాగారు, తీగలో ఇంకా కరెంటు ఉందేమోనని. ఉన్నదీ లేనిదీ చెప్పే నాథుడు లేడు. కరెంటు వదిలే పెట్టె సరుగుడు తోపుల అవతల, మైలు దూరంలో ఉంది. ఇక్కడ మనిషి పడిపోయిందన్న కబురు అక్కడికి చేరాలంటే మరో మనిషి పరుగెత్తాల్సిందే. తోటి కూలీ ఒకామె పరుగెత్తింది. ఆమె వెళ్లి ఆ పెట్టె ఆపించేదాకా మిగతా ఆడవాళ్లందరూ కనగానికి బారెడు దూరంలో నిలబడి చూస్తూ ఉండిపోయారు. తోటి మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం చూసుకునే హక్కు కూడా వాళ్లకు లేకుండా చేసింది ఆ తీగ.

అదే సమయానికి పక్క ఊరు వీరాంపట్టినంలో అమ్మవారి రథం కదులుతోంది. మేళాలూ, ఆడవాళ్ల కులవ కూతలూ గాలి మీద తేలి వస్తూనే ఉన్నాయి.

ముత్తియాల్‌పేట మిల్లుకు తాళం పడి అప్పటికి ఏడాది దాటింది. నేత విభాగంలో అలివేలు మొగుడు సీతాపతి, నూలు చుట్టే విభాగంలో కనగం, ఇంకా ఎందరో రోడ్డున పడ్డారు. అలివేలు వాళ్లది తాతల కాలం నుంచి ఆ పేటలోనే ఉన్న తెలుగు కుటుంబం, కనగం వాళ్లది పక్కవాటా తమిళ కుటుంబం. ఈ ఇంట్లో చారు కాస్తే ఆ ఇంటికి గిన్నె వెళ్లేది. అలాంటి రోజుల్లో కాంట్రాక్టరు పురుషోత్తమన్ లారీ వేసుకుని వీధిలోకి వచ్చాడు. మగవాళ్లు వద్దన్నాడు. ఆడవాళ్లు కావాలన్నాడు. ఆడవాళ్లు తక్కువకు వస్తారు, ఎదురు మాట్లాడరు అని అతని లెక్క. మొదటి సగం నిజమే, ఆకలి అలాంటిది. రెండో సగం దగ్గరే అతను తప్పు చేశాడు.

పని ఏమిటంటే భూమిలో నికెలు వెతకడం. మన జేబులో చిల్లర నాణేలకూ, స్టీలు గిన్నెలకూ, ఫిరంగి గొట్టాలకూ కావలసిన లోహం అది. ఎక్కడో బాగా లోతున ఉందని కంపెనీ అనుమానం. తవ్వకుండానే తెలుసుకోవడానికి వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. రెండు ఇనుప మేకులు దూరదూరంగా నేలలో దిగ్గొట్టి, వాటికి తీగ తగిలించి, భూమిలోకి కరెంటు పంపుతారు. పంపి ఠక్కున ఆపుతారు. ఖనిజం ఉన్న చోట నేల ఆ కరెంటును కాసేపు పట్టుకుని మెల్లగా వదులుతుందట. ఆ మెల్లగా వదలడాన్ని ఇంకో యంత్రం పసిగడుతుంది. ఖనిజం పైపైన ఉంటే దగ్గర దగ్గర మేకులు చాలు. లోతున ఉన్నదాన్ని పట్టాలంటే మేకులు దూరంగా జరపాలి. ఎంత లోతు కావాలో తీగ అంత పొడుగు. తీగ పొడుగయ్యేకొద్దీ స్విచ్చి దగ్గరున్న వాడికి మేకు దగ్గరున్న మనిషి కనిపించడం మానేస్తుంది. ఈ దేశంలో అన్ని కంపెనీలూ అలాగే నడుస్తున్నాయి గదా అని మీరంటే నేను కాదనను.

పొడి ఇసుక కరెంటును లోపలికి రానివ్వదు. అందుకని మేకు చుట్టూ గుంట తీసి, ఉప్పునీళ్లు పోసి, చేత్తో ఇసుకను కలిపి మెత్తాలి. ఆ పని ఆడవాళ్లది. నీళ్లు పోసి, పక్కనున్న పొడి చెక్క మీదికి జరిగి నిలబడ్డాకే కరెంటు వదలాలి. జరిగామని చెప్పడానికి కంపెనీ మొదట్లో తీగ ఫోన్లు పంపింది. కొన్నాళ్లకు అవి మాయమయ్యాయి. జెండా ఊపితే తోపుల్లో కనిపించదు. అరిస్తే మాట గాలికి కొట్టుకుపోతుంది. అప్పుడు కనగమే ఒక దారి చెప్పింది. గుళ్లో దీపారాధనప్పుడూ నాట్లప్పుడూ నాలుక ఆడిస్తూ ఆడవాళ్లు వేసే కులవ ఎంత దూరమైనా వెళ్తుంది. చివరి మేకు దగ్గర తను కులవ వేస్తుంది. మధ్యలో అలివేలు అందుకుంటుంది. తోపు మొదట్లో పంకజవల్లి అది విని పచ్చజెండా ఎత్తుతుంది. జెండా చూసి పెట్టె దగ్గర యానాం కుర్రాడు కామరాజు స్విచ్చి వేస్తాడు. ఈ ఏర్పాటు చూసి సర్వే పెద్ద రామభద్రరావుగారు ముచ్చటపడ్డాడు. మన ఆడవాళ్ల తెలివి చూశారా అని ఫొటో కూడా తీయించుకున్నాడు. ఫోన్లేమయ్యాయని మాత్రం ఆయన అడగలేదు.

రథోత్సవం జరిగే శుక్రవారం సెలవు ఇమ్మని ఆడవాళ్లందరూ కలిసి అడిగారు. ఆ రోజు లైను వీరాంపట్టినం పక్కనే పడుతుందనీ, ఊరంతా కులవలతో మోగిపోతుందనీ కనగం మరీ మరీ చెప్పింది. పై నుంచి పెద్దలు వస్తున్నారు, ఆ లైను ఆ రోజే అయిపోవాలి అన్నాడు పురుషోత్తమన్. సాకులు చెప్పడంలో మీ తరవాతే ఎవరైనా అని నవ్వాడు కూడా.

ఆ శుక్రవారం సముద్రం వైపు నుంచి ఒక కులవ వచ్చింది. అలివేలు విన్నది. అందుకుని ఇచ్చింది. పచ్చజెండా లేచింది.

*

శవాన్ని జీపులో వేసుకుని వెళ్లిన కంపెనీ మనుషులు మొదట గుండె ఆగిందన్నారు. చేతులు కమిలిపోయి ఉన్నాయి గనక ఆ మాట ఒక పూట కూడా నిలవలేదు. అప్పుడు మాట మార్చారు. ఆడకూలీలు పని నియమాలు పక్కన పెట్టి తమ ఇష్టం వచ్చినట్టు కూతలు పెట్టుకున్నారట, అలివేలు అనే మనిషి తప్పుడు కూత ఇచ్చిందట, దానితో ప్రమాదం జరిగిందట. ఫొటో తీయించుకున్న రామభద్రరావుగారికే ఆ కూతల సంగతి తెలియకుండా పోయింది.

కనగాన్ని దహనం చేసిన మర్నాడు పొద్దున పురుషోత్తమన్ అలివేలు ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగాడు. ఎంతో జాలిగా మాట్లాడాడు.

"నువ్వు కావాలని చేసినావని ఎవరంటారమ్మా? తప్పు జరిగిపోయింది. రేపు విచారణకి ఇన్‌స్పెక్టరు లైను కాడికే వస్తా ఉండాడు. ఆయన ముందర ఆ మాట నువ్వే చెప్పేసెయ్. కేసు రాకుండా నేను చూసుకుంటా. సీతాపతికి మా స్టోరు కావలి పని ఇప్పిస్తా."

అతను వెళ్లిపోయాక సీతాపతి చాలాసేపు గోడకానుకుని కూర్చున్నాడు. తాళం పడిన మిల్లు ముందు ఏడాదిగా నిలబడి నిలబడి అతనిలో పస అయిపోయింది. చెప్పేస్తే పోదా అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా. అలివేలుకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ అలాగే చెప్పేయాలని ఉంది. కావలి పని మీద ఆశతో కాదు. శుక్రవారం నుంచీ ఆమె గొంతులో ఆ కూత అడ్డం పడి ఉంది, మెతుకు దిగడం లేదు. నేనే చంపాను అని నలుగురిలో అనేస్తే, వాళ్లు ఏ శిక్ష వేసినా సరే, ఈ బరువు తగ్గుతుందేమోననిపించింది. పాపం చేశానని కుమిలిపోయే మనిషి దొరికితే నేరం చేసినవాడికి అంతకన్నా ఏం కావాలి? పురుషోత్తమన్‌కు ఆ సంగతి తెలిసే కాఫీ తాగి వెళ్లాడు.

సాయంత్రం మిల్లు గేటు పక్కనున్న యూనియన్ రేకుల షెడ్డులో అందరూ కూడారు. లైను మీద పనిచేసే ఆడవాళ్లు, తాళం పడిన మిల్లు కార్మికులు, కాలేజీ నుంచి కొందరు విద్యార్థులు వచ్చారు. మిల్లు యూనియన్ నాయకుడు సుందరమూర్తి పెద్ద మనిషి. ఫ్రెంచి వాళ్ల కాలంలో ఈ ఊరి మిల్లు కార్మికులు తుపాకులకు ఎదురు నిలబడి ప్రాణాలిచ్చినప్పుడు అతని తండ్రి ఆ గుంపులో ఉన్నాడు. అంతటి వాడు కూడా ఆ రోజు ముందు నష్టపరిహారం గురించే మాట్లాడాడు. కంపెనీ ఢిల్లీ దాకా పలుకుబడి ఉన్నది, మిల్లు సంగతి ఇంకా తేలలేదు, రెండు పోరాటాలు ఒక్కసారి పెట్టుకుంటే నిలవలేం అన్నాడు. విద్యార్థులు అడ్డం తిరిగారు. మాటా మాటా పెరిగింది. ఈ గోలలో వెనక నుంచి ఒకావిడ, ముందు ఆ కూత కూసినదాన్ని నిలబెట్టి అడగండి అంది. అందరూ అలివేలు వైపు తిరిగారు.

ఆమె లేవబోతుంటే వాకిట్లో నిలబడి ఉన్న కామరాజు లోపలికి వచ్చాడు. స్విచ్చి వేసిన మనిషిని చూడగానే ఆడవాళ్లు భగ్గుమన్నారు. నీ చేత్తోనే గదరా పోయింది అని పంకజవల్లి అతని చొక్కా పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

"ఆయ్, నేనే వేశానండి" అన్నాడు. "కాదనడానికి రాలేదు. ఫోన్ల సంగతి చెబుదామని వచ్చాను. అవి పోలేదండి, పాడవలేదు. బీచి రోడ్డులో రావుగారుండే గెస్టుహౌసులో ఉన్నాయి. పై గదిలోంచి వంటింటికి కాఫీ చెప్పడానికి తగిలించారు. తగిలించింది కూడా నేనే."

ఎవరో ఒక ముసలాయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. రావుగారికి మేడ దిగి వచ్చి కాఫీ అడిగే ఓపిక లేకపోయింది. అందుకు కనగం చేతులు కమిలిపోయాయి.

ఈ మాట విచారణలో చెబుతావా అని సుందరమూర్తి అడిగాడు. కామరాజు తల దించుకున్నాడు. తనది ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగమనీ, యానాంలో తన జీతం కోసం చూసే ఇల్లుందనీ చెప్పాడు. ఇక్కడ మాకెవరికీ ఇళ్లు లేవా అని ఒక ఆడకూలీ అడిగింది.

అప్పుడు మూలన కూర్చుని ఉన్న కనగం తల్లి కమలమ్మాళ్ లేచింది. నడివయసులోనే మొగుడు పోయి, ఒక్క కూతురి మీద బతికిన మనిషి. కర్మకాండ మధ్యలో ఇల్లు దాటి వచ్చిందని వీధిలో కొందరు గొణిగారు కూడా. ఆమె నేరుగా అలివేలు ఎదుటికి వచ్చి నిలబడింది.

"నా బిడ్డ గొంతు నీకు తెలీదా?"

"తెలుసు పెద్దమ్మా."

"ఆ పొద్దు వినిపించింది దాని గొంతేనా?"

అలివేలు కళ్లు మూసుకుంది. ఈ ప్రశ్నకే శుక్రవారం నుంచీ భయపడుతోంది. "కాదేమో అనిపించింది" అంది. "ఇంకోసారి వినేదానికి ఆగినా. కాంట్రాక్టరు మేస్త్రీ సైకిలు మీద పక్కనే ఉండాడు. ఏంది చూస్తా ఉండావు, పైనోళ్లు వచ్చి కూచోనుండారు, ఇయ్యి, లేకుంటే రేపటి నించి రావద్దు అన్నాడు. ఇచ్చేసినా."

"ఎందుకు ఇచ్చినావు?"

"భయపడి."

అలివేలు ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. కమలమ్మాళ్ ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. ఆ ముసలి ముఖంలో క్షమ లేదు, కోపమూ లేదు.

"ఎవుడికి భయపడినావో రేపు వాడి పేరు చెప్పు. నీ పేరు చెప్పొద్దు."

ఆ మాటతో సమావేశం దారి మారింది. నష్టపరిహారం గురించి ఇంక ఎవరూ ఎత్తలేదు. ఫోన్లు తిరిగి వచ్చేదాకా, సెలవు ఇవ్వని వాడి మీదా ఫోన్లు ఎత్తుకుపోయిన వాడి మీదా కేసు పెట్టేదాకా తీగలోకి కరెంటు వెళ్లకూడదని తేల్చారు. ఎలా ఆపాలన్నది మాత్రం మగవాళ్లెవరూ చెప్పలేదు. లైను మీద ఎక్కడ కూర్చుంటే పని ఆగుతుందో ఆడవాళ్లకే తెలుసు.

*

విచారణ పేరుతో మర్నాడు లైను దగ్గర, కరెంటు పెట్టె పక్కనే టెంటు వేశారు. ఇన్‌స్పెక్టరు, ఎర్రటోపీల పోలీసులు, రామభద్రరావు, పురుషోత్తమన్, అతని మేస్త్రీ అంతా వచ్చారు. వేరే ఊరి నుంచి కొత్త కూలీలను కూడా లారీలో తెచ్చి పెట్టుకున్నారు. అలివేలు తప్పొప్పుకుంటుంది, ఆ వెంటనే పని మొదలవుతుంది అని వాళ్ల అంచనా. పై నుంచి వచ్చిన పెద్దలు ఇంకా గెస్టుహౌసులోనే ఉన్నారు మరి.

ముత్తియాల్‌పేట నుంచి జనం నడిచి వచ్చారు. టెంటు చేరగానే ఆడవాళ్లు రెండుగా విడిపోయారు. కొందరు కమలమ్మాళ్‌ను నడిపించుకుంటూ తోపుల్లోంచి సముద్రం వైపున్న చివరి మేకు దగ్గరికి వెళ్లారు. ఎక్కడ కూతురు పోయిందో అక్కడే కూర్చుంటానని ఆ తల్లి పట్టుబట్టింది. మిగిలిన వాళ్లు టెంటు ఎదుటే ఉన్న రెండో మేకు చుట్టూ అలివేలుతో కూర్చున్నారు. గుంటలో నీళ్లు పోశారు. అందరూ మోచేతుల దాకా అందులో పెట్టారు. పంకజవల్లి జెండాతో తన పాత చోటులోనే నిలబడింది. ఈసారి ఆమె చేతిలో ఉన్నది ఎర్రజెండా.

ఇన్‌స్పెక్టరు అలివేలును పిలిచాడు. ఆమె గుంటలోంచి చేతులు తీయకుండానే జవాబిచ్చింది. కొత్త కూలీలు కూడా లారీ దిగి వింటున్నారు.

"కూత ఇచ్చింది నేనే. నా కూత అబద్ధమైతే నా మెడలో ఉండాది ఆ పాపం, నేను మోస్తా. ఫోను యాడుందో ఆ దొరని అడగండి. పండగ పొద్దు ఊరంతా కులవలేస్తారు, పని వద్దు సామీ అని కనగం చెప్పిందా లేదా, ఈ పురుషోత్తమన్‌ని అడగండి. నేను ఆగినప్పుడు ఇయ్యి అన్నది ఎవురో ఆ మేస్త్రీని అడగండి. వాళ్లు చెప్పినాక నన్ను అడుగుదురు."

పురుషోత్తమన్ ముఖం మాడిపోయింది. రామభద్రరావు ఇన్‌స్పెక్టరుతో ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు. మాట్లాడుతూ గడియారం చూసుకున్నాడు. ఆ తరవాత ఆయన చేసిన పని ఆ రోజు అక్కడున్న వాళ్లెవరూ మర్చిపోలేదు. జనరేటరు వేయమన్నాడు. ఇంజను చప్పుడు వింటే వాళ్లే లేచిపోతారన్నాడు.

ఇంజను మొదలైంది. నేల సన్నగా అదిరింది. గుంటలో నీళ్లు వణకడం అలివేలు వేళ్లకు తెలుస్తోంది. ఆమెకు భయం వేసింది. ఇది ఆ మేస్త్రీ గద్దించినప్పుడు వేసిన భయం లాంటిది కాదు. అప్పుడు ఒంటరిగా భయపడింది. ఇప్పుడు నీళ్ల అడుగున ఒకావిడ వేళ్లు వచ్చి ఆమె వేళ్లను పట్టుకున్నాయి, ఆ వేళ్లూ వణుకుతున్నాయి. ఎవరూ చేతులు తీయలేదు. కొత్త కూలీల్లో ఒక ఆమె, ఆ ఊరూ ఈ ఊరూ ఎరగనిది, నెత్తి మీది బిందె దించి వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది. తరవాత ఇంకొకామె వచ్చింది.

"వెయ్యవయ్యా" అన్నాడు రామభద్రరావు కామరాజుతో. "చిన్న కరెంటు చాలు. కొంచెం చురుక్కుమంటే లేస్తారు."

"లైనులో మనుషులున్నారండి."

"నాకు కనిపిస్తూనే ఉంది."

కామరాజు పెట్టె వైపు చూశాడు. గుంట వైపు చూశాడు. ఇన్నాళ్లూ తోపుల అవతల ఎవరున్నారో కనిపించకుండా స్విచ్చి వేసిన చేయి అది. ఇప్పుడు ఒక్కొక్క ముఖమూ కనిపిస్తోంది. అతను ఇంజను ఆపాడు. పెట్టెకున్న రెండు తీగలూ మెలి తిప్పి ఊడదీశాడు. ఫోన్లు ఎక్కడున్నాయో, ఎవరు తగిలించమంటే తగిలించాడో ఇన్‌స్పెక్టరుకు గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పాడు. చెప్పి వచ్చి చొక్కా చేతులు మడిచి గుంట దగ్గర కూర్చున్నాడు. పంకజవల్లి జరిగి చోటిచ్చింది అనను, ఆమె ఇంకా జెండాతో దూరంగానే ఉంది. చోటిచ్చింది అలివేలు.

ఇన్‌స్పెక్టరు ఇవేవీ రాసుకోలేదు. లాఠీలు లేచాయి. ఎర్రటోపీల వాళ్లు ఆడవాళ్లను జుట్టు పట్టి ఈడ్చారు, అడ్డం వచ్చిన మిల్లు కార్మికుల తలలు పగలగొట్టారు. సుందరమూర్తి నుదుటి నుంచి రక్తం కారుతున్నా తీగను రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. కామరాజును కింద పడేసి తన్నారు. సీతాపతి, ఏడాదిగా గోడకానుకుని కూర్చున్న సీతాపతి, అతని మీద పడి దెబ్బలు తన వీపు మీద తీసుకున్నాడు. అలివేలును ముందుగా వ్యానెక్కించారు. కనగం చావుకు కారణమైందన్న కేసు ఆమె మీదే పెట్టారు. పురుషోత్తమన్ మీద ఏ కేసూ లేదు. రామభద్రరావు జీపెక్కి గెస్టుహౌసుకు వెళ్లిపోయాడు.

వ్యాను తలుపు మూశారు. లోపల చీకటిగా ఉంది. జాలీలోంచి పడే కాస్త వెలుతురులో తన మోచేతుల మీద ఎండిపోతున్న ఉప్పును అలివేలు చూసుకుంది. కనగం మీద కూడా ఇలాగే ఎండి ఉంటుంది. అంతా అయిపోయిందా అనిపించింది.

అప్పుడు సముద్రం వైపు నుంచి ఒక కులవ లేచింది.

బొంగురు గొంతు, మధ్యలో తెగి మళ్లీ అతుక్కుంటున్న గొంతు. మొగుడు పోయిన నాటి నుంచీ కులవ వేయడానికి లోకం ఒప్పుకోని గొంతు. కమలమ్మాళ్ చివరి మేకు దగ్గర, కూతురు పోయిన చోట నిలబడి కులవ వేస్తోంది. ఆమె చుట్టూ కూర్చున్న వాళ్లు అందుకున్నారు. పంకజవల్లి అందుకుంది. లారీ పక్కనున్న కొత్త కూలీలు అందుకున్నారు. వ్యాను కదిలి రోడ్డెక్కాక కూడా, లైను నుంచి ముత్తియాల్‌పేటకు తిరిగి నడుస్తున్న జనంలో అది వెంట వస్తూనే ఉంది.

ఈసారి ఏ గొంతు ఎవరిదో అలివేలుకు తెలుసు. ఇవ్వమని ఎవరూ గద్దించలేదు. ఆమె వ్యాను జాలీకి నోరు ఆనించి, ఆ కూత అందుకుని, ఊరి వైపుకు ఇచ్చింది.